పల్లాకు గుట్టు పట్టే చదువు

వైరస్‌ను తట్టుకునే జన్యువు మొక్కలో ఎక్కడుందో వెతికి పట్టుకునే రంగమిది. జీవశాస్త్రం ఇష్టం, లెక్కలంటే భయం లేదు, పొలంలో నిలబడే ఓపిక ఉంది అనుకుంటే.. ఓసారి ఇటు చూడండి!

సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా తడి ఆరని మడిలో మినుము విత్తనాలు చల్లుతారు. కృష్ణా డెల్టా వైపు ఊళ్లున్న వారికి ఇది తెలిసిన సంగతే. వరి కోసేసరికి మొలకలు పైకొస్తాయి. దుక్కి ఉండదు, పెద్దగా నీరు పెట్టేదీ ఉండదు. అదృష్టం బాగుంటే రెండున్నర నెలల్లో పంట చేతికొస్తుంది.

బాగోకపోతే? లేత ఆకుల మీద చిన్న చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి. నాలుగు రోజులకు చుక్కలు మచ్చలవుతాయి. ఆ తర్వాత ఆకంతా పసుపే. పూత తగ్గిపోతుంది. వచ్చిన నాలుగు కాయలూ చిన్నవి, వాటిలో గింజలూ చిన్నవే. అదే పల్లాకు తెగులు. కౌలు కట్టిన రైతుకు ఆ పసుపు రంగు చూస్తే గుండె జారిపోతుంది. ఎందుకంటే మొక్కకు సోకిన వైరస్‌ను నయం చేసే మందు లేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను అదుపు చేయడం, తెగులు సోకిన మొక్కల్ని మొదట్లోనే పీకేయడం.. చేయగలిగింది అంతే.

అయితే అదే చేలో, అన్నీ పచ్చబారిపోయిన చోట, ఒక్కో రకం మాత్రం నిక్షేపంగా పచ్చగా నిలబడుతుంది. తెల్లదోమ దాని మీదా వాలింది. వైరస్ దానికీ చేరింది. అయినా దానికేమీ కాలేదు. ఎందుకు? దాని జన్యువుల్లో ఏముంది? అది ఏ క్రోమోజోమ్ మీద, ఎక్కడుంది?

ఈ ప్రశ్నలకు జవాబు వెతికి జీతం తీసుకునే ఉద్యోగాలున్నాయి. వాటి గురించి డిగ్రీలో మీకెవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఇప్పుడు తెలుసుకుందాం.

అడ్రస్ వెతకడమే మ్యాపింగ్

మినుములో, పెసరలో 11 జతల క్రోమోజోములుంటాయి. వాటి మీద వేల జన్యువులు. వాటిలో పల్లాకును తట్టుకునే శక్తినిచ్చేది ఏదో తెలియాలి. ఊరి పేరు తెలియకుండా మనిషిని వెతికినట్టే కదా! అందుకే ముందు మైలురాళ్లు పాతుకోవాలి. వాటినే మార్కర్లు అంటారు. డీఎన్‌ఏలో ఫలానా చోట తట్టుకునే రకానికి ఒక అక్షరం, తట్టుకోలేని రకానికి వేరే అక్షరం ఉంటే.. ఆ చోటే ఒక మైలురాయి. ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌ఎన్‌పీ అని మీరు పుస్తకంలో చదివినవి ఇవే.

ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్లు తరం నుంచి తరానికి కలిసే వెళ్తాయి. దూరంగా ఉంటే మధ్యలో తెగి విడిపోయే అవకాశం ఎక్కువ. అంటే, ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కపెడితే ఎంత దూరంలో ఉన్నాయో తెలిసిపోతుంది. నూటికి ఒకసారి విడిపోతే ఆ దూరాన్ని సుమారుగా ఒక సెంటీమోర్గాన్ అంటారు. మొత్తం రంగమంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడింది.

ఈ ఆలోచన ఎవరికొచ్చిందో తెలిస్తే మీకు హుషారొస్తుంది. 1911లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో, థామస్ హంట్ మోర్గాన్ ల్యాబ్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ అనే డిగ్రీ విద్యార్థి ఉండేవాడు. వయసు 19. ఈగల మీద ప్రయోగాల లెక్కలు ఇంటికి పట్టుకెళ్లి, కాలేజీ హోంవర్క్ పక్కన పడేసి, రాత్రి చాలాసేపు కూర్చున్నాడు. తెల్లారేసరికి ప్రపంచంలో మొట్టమొదటి జన్యు పటం తయారైంది. 1913లో అది అచ్చయింది. కంప్యూటర్ లేదు, డీఎన్‌ఏ నిర్మాణం ఇంకా ఎవరికీ తెలియదు. ఉన్నవి లెక్కలూ, ఆసక్తీ!

పని ఎలా మొదలవుతుంది?

ల్యాబ్‌లో అనుకుంటున్నారా? కాదు. పొలంలో.

ముందు తెగులును బాగా తట్టుకునే మొక్కను, తొందరగా లొంగిపోయే మొక్కను ఎంచుకుని సంకరం చేయాలి. మినుము పువ్వు చిన్నది. మొగ్గ దశలోనే, సాయంత్రం పూట, సన్నటి పట్టకారుతో పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే రెండో మొక్క పుప్పొడి అద్దాలి. చెయ్యి కాస్త వణికితే కీలాగ్రం దెబ్బతింటుంది. పట్టే కాయలు తక్కువ, రాలిపోయేవి ఎక్కువ. ఈ పని చేయి తిరిగినవారికి విత్తన సంస్థల్లో ఎప్పుడూ గిరాకీయే.

వచ్చిన గింజల నుంచి ఎఫ్1 తరం, వాటి నుంచి ఎఫ్2 తరం. ఎఫ్2లో లక్షణాలు విడివడతాయి. ఇక్కడి నుంచి మీ మెండెల్ పాఠమే.

ఒక లెక్క చేసి చూద్దాం. ఎఫ్2లో 160 మొక్కలున్నాయనుకోండి. 114 పచ్చబారాయి, 46 ఆరోగ్యంగా ఉన్నాయి. తట్టుకునే గుణం ఒకే అంతర్గత జన్యువు వల్ల వస్తోందనుకుంటే మనం ఎదురుచూసేది 120, 40. తేడా 6. కై-స్క్వేర్ వేస్తే 36ను 120తో భాగిస్తే 0.3, 36ను 40తో భాగిస్తే 0.9.. మొత్తం 1.2. పట్టికలో హద్దు 3.84. హద్దు లోపలే ఉంది కాబట్టి 3:1 నిష్పత్తిని కాదనడానికి లేదు.

ఇప్పుడు ఆ 46 ఆరోగ్యమైన మొక్కల డీఎన్‌ఏ తీసి ఒక మార్కర్ చూశారు. ఒక్కో మొక్కలో ఆ క్రోమోజోమ్ రెండు ప్రతులుంటాయి కాబట్టి మొత్తం 92 ప్రతులు. వాటిలో 88 చోట్ల తట్టుకునే తల్లి మొక్క నుంచి వచ్చిన మార్కరే ఉంది. 4 చోట్ల మాత్రం రెండో మొక్కది. 92కి 4 అంటే 4.3 శాతం. జన్యువు ఈ మార్కర్‌కు సుమారు 4.3 సెంటీమోర్గాన్ల దూరంలో ఉందన్నమాట. చూశారా, ఇంత సులువు!

రెండు మొక్కలు చేసే మోసం

అంత సులువైతే ఇంతమంది ఇన్నేళ్లు ఎందుకు కష్టపడుతున్నారు? అసలు చిక్కు ఇక్కడుంది.

ఆ 46 మొక్కల్లో రెండు నిజానికి తట్టుకునేవి కావనుకోండి. వాటి మీద తెల్లదోమ వాలలేదు, వైరస్ చేరలేదు. అందుకే పచ్చగా ఉన్నాయి. వీటిని ఎస్కేప్‌లు అంటారు. పరీక్ష రాయకుండానే పాసైన విద్యార్థుల్లాంటివి! ఆ నాలుగు తేడా ప్రతులూ ఈ రెండు మొక్కలవే అయితే? వాటిని తీసేస్తే 44 మొక్కలు, 88 ప్రతులు, ఒక్క తేడా కూడా లేదు. అంటే మార్కర్ జన్యువు పక్కనే ఉంది. కానీ మీ పటం మాత్రం 4.3 సెంటీమోర్గాన్ల దూరం చూపిస్తోంది. దాన్ని నమ్మి మీ తర్వాత వచ్చే పరిశోధకుడు వేరే చోట తవ్వడం మొదలుపెడతాడు. రెండు మొక్కల దగ్గర చేసిన పొరపాటుకు రెండేళ్ల పని వృథా.

అందుకే ఈ రంగంలో డీఎన్‌ఏ యంత్రాల కన్నా ముందు నేర్చుకోవాల్సింది మొక్కకు సరిగ్గా మార్కులేయడం. పరీక్ష వేసే మళ్లలో కొన్ని వరుసలకు ఒకటి చొప్పున తెగులుకు తొందరగా లొంగే రకాన్ని వేస్తారు. వైరస్‌కు అదే పుట్టిల్లు. తెల్లదోమ అక్కడి నుంచి అన్ని వరుసలకూ పాకుతుంది. దాని మీద పురుగుమందు చల్లరు. ఒక్కో మొక్కకూ 1 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు. ఆరోగ్యంగా కనిపించిన మొక్కల విత్తనం మళ్లీ వరుసలుగా వేసి, పిల్లలు కూడా నిలబడతాయా అని చూస్తారు. అవసరమైతే అగ్రోబాక్టీరియం సాయంతో వైరస్ డీఎన్‌ఏను నేరుగా మొక్కలోకి పంపి పరీక్షిస్తారు. అప్పుడు ఎస్కేప్‌ అయ్యే దారి చాలావరకు మూసుకుపోతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎండలో, వంగి, 160వ మొక్క దగ్గర కూడా మొదటి మొక్క దగ్గర చూపించినంత శ్రద్ధ చూపించగలిగితే మీరు ఈ పనికి పనికొస్తారు. ‘ఇదీ అలాంటిదేలే’ అని అంకె వేసేసే అలవాటుంటే.. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ తప్పును సరిచేయలేదు.

ఇక్కడి పని ఇక్కడే చేయాలి

‘ఢిల్లీలోనో కాన్పూర్‌లోనో కనిపెట్టేస్తారు కదా, మనమెందుకు?’ అని సందేహం రావొచ్చు. మంచి ప్రశ్నే.

పల్లాకు తెగులును మన దేశంలో 1960లో ఢిల్లీ పెసర చేల నుంచి మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేశారు. తర్వాత తేలిందేమిటంటే, దీనికి ప్రధానంగా రెండు వైరస్‌లు కారణం. ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించేది ఒకటి, దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది మరొకటి. రెండూ బెగోమోవైరస్‌లే. రెండింటికీ రెండేసి డీఎన్‌ఏ వలయాలు, ఒక్కోటీ సుమారు 2,700 అక్షరాల పొడవు. పోలికలున్నా ఒకటి కాదు. అందుకే అక్కడ నిలబడిన రకం ఇక్కడ పడిపోవచ్చు. అక్కడ పనిచేసిన మార్కర్ ఇక్కడ పనిచేయకపోవచ్చు. తట్టుకునే గుణం కొన్ని సంకరాల్లో అంతర్గతంగా, కొన్నింటిలో బహిర్గతంగా కనిపించిందని వేర్వేరు పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి మన వైరస్ మీద, మన రకాలతో, మన నేలలో పరీక్షించే మనుషులు కావాలి.

ఆ పని ఇక్కడ జరుగుతూనే ఉంది. రకాల పేర్లలోనే ఊళ్లున్నాయి చూడండి. ఎల్‌బీజీ అంటే లాం మినుము, టీబీజీ అంటే తిరుపతి మినుము, ఎంజీజీ అంటే మధిర పెసర, డబ్ల్యూజీజీ అంటే వరంగల్ పెసర. పల్లాకును తట్టుకునే రకాలుగా రైతులకు సిఫార్సు చేసే ఎల్‌బీజీ-787, టీబీజీ-104 మన పరిశోధన స్థానాల నుంచి వచ్చినవే. పెసర జన్యుక్రమం 2014లో వెలువడింది. దాంతో మైలురాళ్లు పాతడం తేలికైంది. కానీ మొక్కను చూసి మార్కులేసే కళ్లు మాత్రం ఇప్పటికీ మనిషివే.

పటం చేతికొస్తే ఏం లాభం?

తెగులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మొక్క రెండాకులు వేసినప్పుడే చిన్న ముక్క తుంచి డీఎన్‌ఏ చూస్తే, అందులో కావాల్సిన జన్యువు ఉందో లేదో తెలిసిపోతుంది. వందల మొక్కల్లో పనికొచ్చే పదింటినే ఉంచుకోవచ్చు. దీన్ని మార్కర్ల సాయంతో ఎంపిక అంటారు.

వైరస్ కాదుగానీ, ఇది ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే కథ మన దగ్గరే ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ-5204 అన్నం రుచి మీకు తెలుసు. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మార్కర్ల సాయంతో మూడు నిరోధక జన్యువుల్ని అందులోకి తెచ్చాయి. గింజ నాణ్యత అలాగే ఉంది, తెగులును తట్టుకునే బలం వచ్చింది. అది 2008లో విడుదలైంది.

వైరస్‌ల విషయంలో టమాటా ముందుంది. ఆకుముడత వైరస్‌ను తట్టుకునే టీవై-1 జన్యువు చోటును 1994లోనే గుర్తించారు. అది సొలానమ్ చిలెన్స్ అనే అడవి టమాటా నుంచి వచ్చింది, ఆరో క్రోమోజోమ్ మీద ఉంది. పదకొండో క్రోమోజోమ్ మీదున్న టీవై-2 వెనక మన దేశపు కృషి ఉంది. సొలానమ్ హాబ్రోకైటిస్ అనే మరో అడవి టమాటాతో ఇక్కడి శాస్త్రవేత్తలు తయారుచేసిన హెచ్24 అనే లైన్ నుంచే అది లోకానికి తెలిసింది. అయితే ఒక్క జన్యువు అన్ని రకాల వైరస్‌లనూ ఆపలేదు. అందుకే రెండు మూడు జన్యువుల్ని ఒకే మొక్కలో పేర్చుతున్నారు. వైరస్ మారుతూనే ఉంటుంది. కాబట్టి ఈ ఉద్యోగానికి పని కరవు రాదు!

ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఒకటి: అంతర్గత జన్యువు రక్షణ ఎలా ఇస్తుంది? జవాబు ఆసక్తికరం. వైరస్‌కు సొంత యంత్రాలు తక్కువ. తన ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి మొక్క ప్రొటీన్లనే వాడుకుంటుంది. అలాంటి ఒక ప్రొటీన్ ఆకారం కాస్త మారితే వైరస్ తాళంచెవి పట్టదు. మిరపలో పోటీవైరస్‌లను ఆపే పీవీఆర్1, వరిలో టుంగ్రో గోళాకార వైరస్‌ను తట్టుకునే టీఎస్‌వీ1 ఇలాంటివే. పాత ఆకారం ప్రతి ఒక్కటున్నా వైరస్‌కు సరిపోతుంది. అందుకే రెండు ప్రతులూ మారినప్పుడే రక్షణ.

ఏం చదవాలి?

బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతున్నవారికి దారి నేరుగా ఉంది. పీజీలో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్, మాలిక్యులర్ బయాలజీ అండ్ బయోటెక్నాలజీ, ప్లాంట్ పాథాలజీ.. ఈ మూడింటిలో ఏదైనా ఇటే తీసుకొస్తుంది. లాంలోని ఆచార్య ఎన్జీ రంగా, రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సులున్నాయి. జాతీయ స్థాయిలో సీటు కావాలంటే ఐకార్ నిర్వహింపజేసే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి.

బోటనీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్‌తో మామూలు బీఎస్సీ చేస్తున్నారా? దిగులు వద్దు. ఎంఎస్సీ బయోటెక్నాలజీ, ప్లాంట్ సైన్సెస్ వంటి కోర్సుల ద్వారా రావచ్చు. సీయూఈటీ-పీజీ, గ్యాట్-బి పరీక్షలు ఇందుకు తలుపులు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని కొన్ని పీజీ కోర్సులకు నాలుగేళ్ల డిగ్రీయే కావాలి. దరఖాస్తుకు ముందు నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ జాగ్రత్తగా చదవండి. ఫీజు కట్టాక బాధపడి లాభం లేదు.

పరిశోధనకు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ-బెట్, గేట్ వంటి పరీక్షలున్నాయి. నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక రూ.42,000 ఫెలోషిప్ వస్తుంది. అద్దె భత్యం దీనికి అదనం.

కొలువులెక్కడ?

ఈ విషయంలో తెలుగువాళ్లకు కలిసొచ్చేది హైదరాబాద్. 1972లో మొదలైన ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. కంది, శనగ, వేరుశనగ మీద అక్కడ పని జరుగుతుంది. కందిలో వెర్రితెగులు కూడా వైరస్ వల్ల వచ్చేదే. అదే ప్రాంగణంలో ప్రపంచ కూరగాయల కేంద్రం ప్రాంతీయ కార్యాలయం ఉంది. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, తార్నాక వైపు సీసీఎంబీ, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. చుట్టుపక్కల విత్తన సంస్థలు బోలెడు. మిరప, టమాటా, బెండ హైబ్రిడ్లు చేసే సంస్థలకు వైరస్‌ను తట్టుకునే గుణం అమ్మకాలకు ప్రాణం.

పీజీతో ప్రాజెక్ట్ అసిస్టెంట్, రీసెర్చ్ అసోసియేట్, మార్కర్ ల్యాబ్ ఎగ్జిక్యూటివ్, పాథాలజీ స్క్రీనింగ్, అసిస్టెంట్ బ్రీడర్ వంటి పోస్టులు దొరుకుతాయి. పీహెచ్‌డీ ఉంటే బ్రీడర్, శాస్త్రవేత్త, అధ్యాపక పోస్టులు. ప్రభుత్వ వ్యవసాయ శాస్త్రవేత్తల నియామకాలను ఏఎస్‌ఆర్‌బీ చూస్తుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, ఇది తొందరగా సంపాదించిపెట్టే దారి కాదు. స్థిరమైన లైన్లు రావడానికే ఏడెనిమిది తరాలు పడుతుంది. ప్రాజెక్ట్ ఉద్యోగాలు ఏటా పొడిగింపు మీద నడుస్తాయి. ఒక ఏడాది తెల్లదోమ సరిగా రాకపోతే ఆ సీజన్ డేటా అంతా పోయినట్టే. ఇంట్లో చెల్లెలి పెళ్లో, అప్పో ఉండి డిగ్రీ అవ్వగానే జీతం తప్పనిసరి అయితే, ముందు విత్తన సంస్థలో ఫీల్డ్ ఉద్యోగంలో చేరి, అక్కడి అనుభవంతో పీజీకి వెళ్లినా తప్పు లేదు. మెషిన్ పట్టుకున్నవారి కన్నా మొక్కను గుర్తుపట్టేవారికి ఇంటర్వ్యూలో విలువ తక్కువేమీ కాదు.

ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగేవి

లెక్కలు: కై-స్క్వేర్, లింకేజీ దూరం, ఎల్‌ఓడీ స్కోరు చేత్తో వేయడం నేర్చుకోండి. ఎల్‌ఓడీ 3 అంటే ‘కలిసున్నాయి’ అనడానికి అవకాశం ‘లేవు’ అనడం కన్నా వెయ్యి రెట్లు ఎక్కువని అర్థం. ఇది అడగని ఇంటర్వ్యూ అరుదు.

కంప్యూటర్: ‘ఆర్’ ఉచితం. అందులో ఆర్/క్యూటీఎల్ ప్యాకేజీతో పాటే సాధన డేటా వస్తుంది. రోజుకు ఓ గంట, రెండు నెలలు కూర్చుంటే క్యూటీఎల్ మ్యాపింగ్ మీ చేతికొస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్ సరిపోతుంది.

ల్యాబ్: సీటీఏబీ పద్ధతిలో ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్, జెల్.. ఈ మూడూ ఒక్కసారైనా మీ చేత్తో చేయండి. కాలేజీలో కుదరకపోతే వేసవి ఇంటర్న్‌షిప్‌కు పరిశోధన స్థానాలకు రాయండి. ఉత్తరంలో ‘నాకు అవకాశం ఇవ్వండి’ అని ఆపేయకుండా, వాళ్లు ఏ పంట మీద పనిచేస్తున్నారో, మీరు ఏం చేయగలరో రెండు ముక్కలు రాయండి.

పొలం: ఇది అన్నింటికన్నా ముఖ్యం, పైసా ఖర్చు లేనిది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక మినుము చేనో పెసర చేనో చూసుకోండి. రైతును అడిగి గట్టు దిగండి. వరుసగా 30 మొక్కలు చూసి, ఒక్కోదానికీ 1 నుంచి 9 వరకు మార్కులేసి నోట్‌బుక్‌లో రాయండి. మర్నాడు పాత అంకెలు చూడకుండా అవే 30 మొక్కలకు మళ్లీ వేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ని చోట్ల తేడా వచ్చింది?

తేడా ఎక్కువగా ఉంటే సిగ్గుపడొద్దు. అందరికీ మొదట అంతే. మూడోసారి వేయండి. తేడాలు తగ్గుతున్నకొద్దీ మీకే తెలుస్తుంది, ఈ పని మీకు నచ్చుతోందా లేదా అని. ఏ కెరియర్ గైడూ ఇంతకన్నా నిజాయతీగా చెప్పలేడు.

గట్టెక్కి వచ్చేముందు ఆ రైతుతో ఓ మాట. ‘బాబాయ్, నిరుడు ఏ రకం వేశారు? పల్లాకు ఎంతొచ్చింది?’ అని అడగండి. ఆయన చెప్పేది కూడా రాసుకోండి. రేపు మీరు గీయబోయే పటం ఎవరి కోసమో గుర్తుంటుంది.